సర్దార్‌బీ పోయిన వేళ

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు సర్దార్‌బీ చనిపోయి ఉండటం కోడలు హుస్నా చూసింది. అంతకు ఎంతసేపటి ముందు పోయిందో ఎవరికీ తెలియదు.

తెలియజెప్పాల్సిన పరికరం ఆమె ఎద మీదే ఉంది.

గురువారం మూడో దినం. భర్త నబీ సాబ్, కొడుకు రెహాన్, చుట్టాల్లో మగవాళ్ళు పొద్దున్నే ఎమ్మిగనూరు ఖబరస్తాన్‌కు వెళ్ళి సమాధి మీద పూలు వేసి, ఫాతెహా చదివించి వచ్చారు. భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. నబీ సాబ్ ముందు గదిలో, దూది ఏకే మిషన్ పక్కన, సగం కుట్టిన పరుపు మీద కూర్చున్నాడు. మంగళవారం నుంచి మిషన్ ఆడలేదు.

మధ్య గదిలో సాదియా గిన్నెలు బోర్లిస్తోంది. సర్దార్‌బీ పెద్ద కూతురు. ఆదోనిలో కాపురం.

"ఫోన్ యాడ పెట్టినావు?" అంది.

హుస్నా వంటగది గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. సాదియా తెర మీద వేలితో పైకీ కిందికీ జరిపింది.

"ఎర్ర గుర్తు వస్తే అమ్మకు గుండె తప్పుతాందని. మరి ఈ బూడిద రంగుది?"

"అత్త ఎద మీది బిళ్ళ నుంచి వెలుతురు అందలేదని, వదినా."

"ఆ దినం ఏమొచ్చింది?"

"బూడిద రంగుదే."

"వస్తే నువ్వేం సేస్తాండావు?"

"సూడలేదు. పొయ్యి కాడ ఉంటి."

"మోత వినపడలేదా?"

సాదియా ఫోన్‌ను హుస్నా ముఖం ముందు పెట్టింది.

"యాడ వినపడతాది? మోత ఆపేసి ఉండాది. ఎవరు ఆపినారు?"

రెహాన్ వాకిలి కాడ నిలబడి ఉన్నాడు.

"నేనే," అంది హుస్నా.

శనివారం రాత్రి ఆ మోత పదేపదే నిద్ర లేపినప్పుడు, "ఆపేయ్ దాన్ని, పొద్దున పని ఉండాది" అన్నది రెహాన్. ఇప్పుడతను కాలి గోళ్ళ వైపు చూస్తున్నాడు.

"ఏంరా, నీ పెండ్లాం ఏం సేసిందో విన్నావా?"

"ఇప్పుడిదంతా ఏంటికక్కా."

"ఇప్పుడు కాకపోతే నలభై దినాలకు మాట్లాడుదామా? సుట్టాలను పిలిచి?"



సర్దార్‌బీకి గుండె మధ్యమధ్యలో నెమ్మదించేది. ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆమెను ఇంటికి పంపేటప్పుడు ఎదకు ఒక బిళ్ళ అంటించింది. మొదటి బిళ్ళ రేడియో తరంగాలతో పనిచేసేది. దూది మిషన్ మోటారు తిరిగినప్పుడల్లా తప్పులు చూపేది. ఉదయ్ అనే ఇంజనీరు వచ్చి దాన్ని మార్చాడు. కొత్త బిళ్ళ గుండె లెక్కను కంటికి కనిపించని వెలుతురుతో పైకి పంపుతుంది. మంచానికి పైన, కప్పుకు బిగించిన కన్ను దాన్ని పట్టి, తీగ మీదుగా గోడకున్న డబ్బాకు ఇస్తుంది. అక్కణ్నుంచి ఆసుపత్రికీ, హుస్నా ఫోన్‌కూ కబురు పోతుంది. వెలుతురు కాబట్టి ఇది గోడ దాటదు, పక్కింటి వాళ్ళకు చిక్కదు అని ఉదయ్ చెప్పాడు.

"అయితే మా కోడలి మాట కన్నా నయం," అంది సర్దార్‌బీ ఆ రోజు.

ముందు నవ్వింది హుస్నాయే.

*

ఉదయ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. చెప్పులు విప్పి, నబీ సాబ్ ముందు నిలబడ్డాడు. 

"తిన్నావా అప్పా?" అన్నాడు నబీ సాబ్.

"తినే బయల్దేరినాను."

"ఆదోనిలో ఎప్పుడు తిన్నావు, ఈడికి ఎప్పుడు వచ్చినావు. అమ్మా హుస్నా, మజ్జిగన్నా ఇయ్యి పిల్లోనికి."

"ఆ పరికరాలు తీసుకుపోదామని వచ్చినాను."

"తీసుకో. నిన్నొక మాట అడగాల. నమాజుకు పోయొస్తా, అందాకా ఉండు."

నబీ సాబ్ టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్ళాడు.

ఉదయ్ మధ్య గదిలోకి వచ్చాడు. కన్ను విప్పడానికి కుర్చీ ఎక్కి ఆగిపోయాడు. మంచానికి పైన, నాలుగు మూలలా మేకులకు తాళ్ళతో కట్టిన తెల్లగుడ్డ ఉంది. కన్ను దానికి పైన ఉంది.

"నేను బిగించిన రోజు ఇది లేదు," అన్నాడు.

"ల్యాదు. తర్వాత మామ కట్టినాడు," అంది హుస్నా. "మిషన్ ఆడితే దూది నుసి ఈ పొట్టి గోడ మీదుగా ఇట్ల దిగుతాది. అత్తకు దగ్గు. మొగం మీద పడకుండా చాందినీ కట్టినాడు. అత్త ఒకటే నవ్వు. పెండ్లి పందిరి మాదిరి ఉండాది, పిల్లేది అని."

ఉదయ్ కుర్చీ దిగాడు. "బిళ్ళ ఉందా?"

శవానికి స్నానం చేయించేటప్పుడు తీసిన బిళ్ళను హుస్నా తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టింది. తెచ్చి ఇచ్చింది. ఉదయ్ దాన్ని మంచం మీద, సర్దార్‌బీ ఎద ఉండే చోట పెట్టాడు. వెలుతురు అందితే గోడ మీది డబ్బాలో వెలగాల్సిన పచ్చ దీపం వెలగలేదు.

అతను చేత్తో చాందినీ మూల పైకెత్తాడు. పైన పేరుకున్న దూది అవతలి మూలకు జారింది. పచ్చ దీపం వెలిగింది.

మూల వదిలి, దూదిని చేత్తో మళ్ళీ మధ్యకు నెట్టాడు. దీపం ఆరిపోయింది.

"ఇంగొకసారి సూపించన్నా," అంది హుస్నా.

అతను చూపించాడు.

ఆమె మంచం కోడు పట్టుకుంది. "మొదట్లో అందింది కదా."

"గుడ్డ పల్చన. కొంత దాటింది. పైన దూది చేరేకొద్దీ తగ్గిపోయింది. ఈ మధ్య మిషన్ ఎక్కువ ఆడిందా?"

"హాస్టలు పరుపులు. వారం దినాలు ఆపలేదు. అత్త దుప్పటి కప్పుకుంటే బూడిద రంగుదొచ్చేది. దుప్పటి దించితే పోయేది. ఆఖర్లో దించినా పోలేదు. లేపి కూసోబెడితేనే పోయేది. బిళ్ళ పాతబడిందనుకున్నా."

"కూర్చుంటే వెలుతురు పక్క గోడకు తగిలి, గుడ్డ అంచు పక్కనుంచి పైకి పోయి ఉంటుంది."

"ఆడ ఆసుపత్రిలో మీకు కనపడలేదా?"

"కనపడింది. నర్సు చూసింది. స్నానానికి లేపి ఉంటారనుకుంది. నేను శుక్రవారం వచ్చి చూద్దామనుకున్నా."

"ఆఖరి లెక్క ఎప్పటిది?"

"ఆ పొద్దున ఏడుకు కొంచెం ముందు. అప్పటికి బాగానే ఉంది."

"నేనే లేపి టీ తాపినా."

"ఆ తర్వాత ఏమీ లేదమ్మా."

బయట సాదియా ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. హుస్నా గొంతు తగ్గించింది.

"ఇది మామకు సెప్తావా?"

"అడిగితే చెప్పాలి కదా. పైన ఏదీ కట్టకూడదని ఆ రోజు చెప్పాల్సింది నేనే. నాకు తట్టలేదు. ఇంకా చాలా ఇండ్లలో పెడుతున్నాం, ఎందుకు అందలేదో ఆసుపత్రిలో చెప్పి తీరాలి."

"ఆడ సెప్పుకో. ఈడ వద్దు."

"అప్పుడు నీ మీదికి వస్తుంది."

"వచ్చేసింది అన్నా." ఆమె బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. "మామ సరిగ్గా తినక మూడు దినాలైంది. ఇది తెలిస్తే ఇంగ తినడు. ఆయన వచ్చేలోపల నువ్వు పో."

సాదియా లోపలికి వచ్చింది.

"ఏమంటాండాడు? డబ్బా చెడిపోయిందంటనా?"

ఉదయ్ నోరు తెరిచాడు.

"డబ్బా బాగానే ఉండాదంట వదినా," అంది హుస్నా.

సాదియా ఉదయ్ వైపు తిరిగింది. "నిజమేనా సారూ?"

"డబ్బాలో లోపం లేదమ్మా," అన్నాడు ఉదయ్. కన్ను, డబ్బా, తీగ విప్పి సంచిలో వేసుకున్నాడు. మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయాడు.

సాదియా పోయి తల్లి మంచం మీద కూర్చుంది. అరవలేదు.

"అమ్మను ఆదోనికి పిలుచుకపోతానంటిని. మిషన్ సప్పుడు లేకపోతే నిద్ర పట్టదే, కోడలు బాగా సూసుకుంటాది, నువ్వు పో అనె. సరే లెమ్మని పోయినా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. "బాగా సూసుకున్నావు."

"వదినా."

"నలభై దినాలయ్యేదాకా మీ అమ్మ కాడికి పో. నీ మొగం సూస్తా ఈ ఇంట్లో నేను ఫాతెహా సేయలేను."

"అక్కా," అన్నాడు రెహాన్.

"సెప్పు. ఏం సెప్తావో సెప్పు."

రెహాన్ వీధి వైపు చూశాడు.

"ఎండ తగ్గినాక పోనీ," అన్నాడు.

హుస్నా ఎండ తగ్గేదాకా ఆగలేదు. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. రెహాన్ వీధి చివరిదాకా సంచి మోశాడు. ఆటో వచ్చేదాకా ఇద్దరూ గోడ నీడన నిలబడ్డారు.

"మోత నువ్వు ఆపమంటివని నేను సెప్పలేదు," అంది.

"తెలుసు."

"నువ్వూ సెప్పలేదు."

"నాలుగు దినాలు పోతే అక్క సల్లబడతాది."

"నువ్వు?"

ఆటో ఆగింది. అతను సంచి లోపల పెట్టాడు.

*

ఎమ్మిగనూరు నుంచి కౌతాళం పోవాలంటే ఆదోనిలో బస్సు మారాలి. ఆదోని బస్సు బయల్దేరే ముందు నబీ సాబ్ ఎక్కాడు. కండక్టరు చెయ్యి ఇచ్చి పైకి లాగాడు.

"ఏం తాతా, తల నిండా దూదే. దులుపుకుని ఎక్కరాదా?"

"మిషన్ ఆపి మూడు దినాలైందప్పా."

"అయితే అది నీ జుట్టేనా? సరే, ముందుకు పో, సీటుంది."

సీటు హుస్నా పక్కన ఉంది. ఆమె లేచి నిలబడబోయింది.

"కూసో కూసో," అన్నాడు నబీ సాబ్. "యాడికి పోతాండావమ్మా?"

"కౌతాళం, మామా. అమ్మను సూసొద్దామని."

"మూడో దినమేనా?"

ఆమె సంచిని ఒళ్ళోకి తీసుకుంది.

"సాదియా ఏమన్నా అనెనా?"

"ల్యాదు మామా."

"అది వాళ్ళమ్మ మాదిరే. నోరు ముందు, బుద్ధి ఎనక." అతను చేతిలోని టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను ఆసుపత్రికి పోతాండా. ఆ పిల్లోణ్ని ఉండమంటే ఉండకుండా పోయినాడని మసీదు కాడ సెప్పిరి. ఇంటికి పోకుండానే ఇట్ల వచ్చేసినా."

"ఏంటికి మామా? ఆ డబ్బా అదంతా తీసకపోయినాడు కదా."

"డబ్బాతో నాకేం పని."

బస్సు ఊరు దాటింది. నబీ సాబ్ ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ పొద్దున మిషన్ ఆడతాండగా మీ అత్త నన్ను పిలిచినట్లాయె."

హుస్నా అతని వైపు చూసింది.

"తొమ్మిది అయి ఉంటాది. స్కూలు బస్సు అప్పుడే పోయె. ఒక్కసారే వినపడె. స్విచ్చి మీదికి చెయ్యి పోయింది. దూది సగం లోపలుండె. సగంలో ఆపితే రోలరుకు సుట్టుకుంటాది, మళ్ళా అదంతా కోసి తియ్యాల. ఈ దూది అయిపోనీ, పోయి సూస్తామనుకున్నా. అది అయిపోయె. ఇంగోటి ఏసినా. మర్చిపోయినా."

"మిషన్ సప్పుడులో యాడ వినపడతాది మామా. ఏదో అయి ఉంటాది."

"అదే నాకూ తెలియాల. తొమ్మిదికి ముందే పోయి ఉంటే, పిలిచింది ఆమె కాదు. నా సెవులే. తర్వాత పోయి ఉంటే, పిలిచింది ఆమే. నిమిషం నిమిషం గుండె లెక్క ఆసుపత్రికి పోతాదని ఆ పిల్లోడే సెప్పె కదా. ఏ యాలకు ఆగిందో సెప్పమంటా. అంతే."

"అది తెలుసుకుని ఏం సేస్తావు మామా?"

"ఏం సేస్తా. తెలుసుకుంటా."

టికెట్లు కొడుతూ కండక్టరు వెనక్కి వెళ్ళాడు. హుస్నా కిటికీ కడ్డీకి తల ఆనించింది. తర్వాత అంది:

"ఆ లెక్క ఆడ లేదంట మామా."

"ల్యాదా?"

"ఏడు దాకానే ఉండాదంట. ఆ తర్వాత వెలుతురు అందలేదంట."

"ఏంటికి అందలేదు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"దుప్పటి కప్పుకునిందా?"

"ల్యాదు."

"మరి?"

"తెలీదు మామా."

నబీ సాబ్ తల ఊపాడు. "నీకెట్ల తెలుస్తాది. ఆ పిల్లోనికి తెలిసి ఉంటాది. సదువుకున్నోడు. అడుగుతా."

"వద్దు మామా."

"ఏంటికి వద్దు?"

"ఈ ఎండలో... అలిసిపోయినావు. ఇంటికి పోదాం పా. నేనూ వస్తా."

"అమ్మను సూస్తానంటివి కదా."

"తర్వాత సూస్తా."

అతను ఆమె ముఖం వైపు చూశాడు. బస్సు ఆదోని చేరింది.

బస్టాండులో కౌతాళం బస్సు నిలబడి ఉంది. నబీ సాబ్ హుస్నా చేతిలో సంచి తీసుకుని ఆ బస్సు దాకా నడిచాడు. పైకెక్కి, కిటికీ పక్క సీటు మీద సంచి పెట్టి దిగాడు.

"సీటు పట్టినా. ఎక్కు. నాలుగు దినాలుండి రా. నేనే వచ్చి పిలుచుకపోతా."

"మామా, నేను సెప్పేది ఇనుకో."

"సెప్పు."

ఇంజన్ ఆడుతోంది. జనం వాళ్ళిద్దరినీ తోసుకుంటూ ఎక్కుతున్నారు. నబీ సాబ్ చెవి దగ్గరికి పెట్టి వంగాడు. హుస్నా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవద్దమ్మా," అన్నాడు. "ఆ మోత నువ్వు ఆపింటివని ఇంట్లో అనుకుంటాంటే విన్నా. అది మనసులో పెట్టుకోవద్దు. ఎవరు సేసింది వాండ్లకు తెలుస్తాది."

అతను బస్టాండు గేటు వైపు నడిచాడు. అక్కడ పండ్ల బండి వాణ్ని ఆసుపత్రికి దారి అడిగాడు. బండి వాడు చెయ్యి చాచి చూపించాడు.

"ఎక్కుతావా, ఎక్కవామ్మా?" అన్నాడు కౌతాళం బస్సు కండక్టరు. హుస్నా పండ్ల బండి వాడు చూపిన దారినే చూస్తోంది.

నాలుగున్నరకు బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు మీద సంచి ఉంది. హుస్నా బస్సులో లేదు.